పదకొండో బ్లాకు పచ్చగా ఉన్న రోజు

కంట్రోల్ రూములో ఉద్యోగం అంటే ఏసీ గదిలో కూర్చుని టీలు తాగడమని మా ఇంట్లో అందరి నమ్మకం. మా నాన్న, ఆయన తర్వాత మా అన్న, పావగడ బజారులో కిరాణా కొట్టు నడిపినవాళ్లు. పొద్దున షట్టరు లేపితే మళ్లీ దించేదాకా నిలబడే ఉండాలి. కూర్చుని చేసేది వాళ్ల దృష్టిలో పనే కాదు. "నీకేంరా, టీవీ చూసినదానికి జీతమిస్తాండారు" అని మా అన్న ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఆ టీవీలో సీరియళ్లు రావని, రంగు రంగుల గళ్లు తప్ప ఇంకేమీ ఉండదని ఎంత చెప్పినా ఆయన చెవికెక్కదు.

నేను రెండుసార్లు రిటైరైన మనిషిని. మొదట కరెంటు డిపార్టుమెంటులో సబ్‌స్టేషన్లు తిరిగి తిరిగి రిటైరయ్యాను. ఇంట్లో ఉంటే మా ఆవిడ కూరగాయల సంచి చేతికిచ్చి తరుముతోందని, తిరుమణి పక్కన సోలార్ పార్కులో ఒక కంపెనీవాళ్లు అనుభవం ఉన్న మనిషి కావాలంటే వెళ్లి షిఫ్టు ఇన్‌చార్జిగా చేరాను. ఇప్పుడు అక్కడినుంచీ దిగిపోయాను. సంచి మాత్రం తప్పలేదు. ఇకమీద ఆ కుర్చీలో కూర్చునేది మీలాంటి పిల్లలు. ఆ తెర వెనక ప్రోగ్రాములు రాసేది కూడా మీరే. అందుకే అక్కడ జరిగిన ఒక రోజు సంగతి మీకు చెప్పాలి.

నేను చేరిన కొత్తలో ఆ తెర ఒక పెద్ద తలనొప్పి. ప్లాంటులో ఏం జరిగినా అలారమే. గాలి గట్టిగా వీస్తే అలారం, ప్యానెళ్ల కరెంటును లైనుకెక్కించే ఇన్వర్టరు గది తలుపు తీస్తే అలారం, మూస్తే ఇంకో అలారం, ఫ్యాను మెల్లగా తిరిగితే అలారం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుయ్యిమంటూనే ఉండేది. మా ఆపరేటరు, క్యాతగానచెర్లు మనిషి, వాళ్ల పొలం కూడా ఆ ప్యానెళ్ల కిందే ఉంది, కూత వినపడగానే తల ఎత్తకుండా మీట నొక్కి నోరు మూయించేవాడు. అతన్ని అనడానికి లేదు. ఎవరైనా అంతే చేస్తారు.

"ఒరే, దాంట్లో ఒకటి నిజమైన అలారం ఉంటే ఎట్లరా?" అని అడిగాను ఒకసారి.

"నిజమైనదయితే మళ్లీ మళ్లీ కూస్తాది కదా సార్. అప్పుడు చూస్తాం" అన్నాడు.

ఆ జవాబు విన్నరోజే బెంగుళూరు ఆఫీసుకు ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నాను. మాకు కావలసినవి తప్ప మిగతా చెత్తంతా తెరమీదికి రాకుండా చేయండి అన్నాను. చేస్తాం అన్నారు. అడిగి అడిగి నా గొంతు పోయాక ఒక ఇంజినీరు అమ్మాయిని పంపించారు.

ఊరు మడకశిర దగ్గర ఒక పల్లె, ఉద్యోగం బెంగుళూరులో. వచ్చీ రాగానే కుర్చీ లాక్కుని మా మధ్యన కూర్చుంది. ఆఫీసువాళ్లు వస్తే సాధారణంగా వాళ్లే చెప్పి వెళ్లిపోతారు. ఈ పిల్ల అడిగింది. ఏ అలారం వస్తే మీరు కుర్చీలోంచి లేస్తారు, ఏది వస్తే లేవరు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. మా ఆపరేటరు మొదట్లో మొహమాటపడ్డాడు కానీ, మధ్యాహ్నానికి తన టిఫిన్ డబ్బాలోని వేరుశనగ చట్నీ ఆమెకు పెట్టేంతవరకు వచ్చాడు.

నేను ఒక్కటే చెప్పాను. "చూడమ్మా, మనిషి ప్రాణానికి సంబంధించిన అలారం ఒక్కటి కూడా పోకూడదు. తక్కినవి నాకు కనపడకపోయినా పర్వాలేదు."

"అంటే ఇన్సులేషన్ అలారం సార్" అంది. సరిగ్గా పట్టుకుంది. వైరు మీది తొడుగు దెబ్బతిని కరెంటు బయటికి కారుతోందేమో చెప్పేది అదే. అది కారి ప్యానెళ్లు నిలబెట్టిన ఇనప స్టాండులోకి ఎక్కితే, ఆ స్టాండు పట్టుకున్న మనిషి పని అయిపోయినట్టే.

ఆమె చేసిన పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి మీకు అర్థం కాదు. ప్లాంటులోని ప్రతి వస్తువుకూ కంప్యూటరులో ఒక చిరునామా ఉంటుంది. తాలూకా, ఊరు, వీధి, ఇల్లు అన్నట్టుగా ఇక్కడ బ్లాకు, అంటే ప్లాంటులో ఒక భాగం, ఆ బ్లాకులో ఇన్వర్టరు, ఇన్వర్టరులో దాని వేడి, ఓల్టేజి, ఇన్సులేషన్. డబ్బాలో డబ్బా, దానిలో ఇంకో డబ్బా. వాటన్నిటిలోంచి మనకు కావలసిన ఇన్సులేషన్లు మాత్రమే ఏరుకోవాలంటే ప్రతి చిరునామా విడివిడిగా రాస్తూ కూర్చోలేం కదా. అందుకని ఆ అమ్మాయి ఒక మూస రాసింది. బ్లాకు, చుక్క, నక్షత్రం, చుక్క, ఇన్వర్టరు, చుక్క, నక్షత్రం, చుక్క, ఇన్సులేషన్. నక్షత్రం గుర్తు ఉన్నచోట ఏ పేరున్నా సరే అని అర్థం. ఏ బ్లాకైనా సరే, అందులో ఏ ఇన్వర్టరైనా సరే, దాని ఇన్సులేషన్ నాకు కావాలి. ఈ మూసలో ఇమిడింది తెరమీదికి వస్తుంది. ఇమడనిది రాదు. ఒక్క వరుసతో ప్లాంటంతా చేతికి వచ్చింది.

నాకు ముచ్చటేసింది. నేను సబ్‌స్టేషనులో ఉన్న కాలంలో ఇలాంటిది ఉంటే నా జుట్టు ఇంకొన్నాళ్లు నల్లగా ఉండేది.

ఊరికే రాసి వెళ్లిపోలేదు కూడా. మొదటి బ్లాకులో మా చేత కావాలనే ఒక లోపం పెట్టించి పరీక్షించింది. తెరమీద ఆ బ్లాకు గడి టక్కున ఎర్రబడింది, సైరను కూసింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆమె బెంగుళూరు వెళ్లిపోయింది. అప్పటికి ఎండలు మొదలయ్యాయి. ఆ తర్వాత నెలల తరబడి మా కంట్రోల్ రూము గుడిలా ప్రశాంతంగా ఉంది. లోపం ఏమీ లేకపోతే గడి పచ్చగా ఉంటుంది. పొద్దున లేచి చూస్తే అన్ని బ్లాకులూ పచ్చగా, కళ్లకు చల్లగా ఉండేవి.

ఇక్కడ మీరొకటి గుర్తుపెట్టుకోవాలి. ఇన్సులేషన్ అలారం ఎక్కువగా వచ్చేది తడిసినప్పుడు. మా పావగడ సీమలో వాన అంటే చుట్టం చూపుగా వచ్చేది. ఎండాకాలంలో పెట్టిన మూసను ఆకాశం పరీక్షించే అవకాశమే రాలేదు. వానలున్న సీమలో అయితే వారంలో బయటపడేది. మాకు మహాలయ అమావాస్య దాకా పట్టింది.

ఆ అమావాస్యకూ మా పదకొండో బ్లాకుకూ ఒక సంబంధం ఉంది. ఆ బ్లాకు భూమి ఒక ఉమ్మడి కుటుంబానిది. పార్కు వచ్చినప్పుడు వాళ్లు పొలమంతా లీజుకిచ్చారు కానీ మధ్యలో ఒక చిన్న మిట్ట మాత్రం ఇవ్వం అన్నారు. ఆ మిట్టమీద వాళ్ల పెద్దల సమాధులున్నాయి. కంపెనీవాళ్లు చాలా చెప్పి చూశారట, సమాధులు వేరేచోటికి మారుద్దామని కూడా అన్నారట. ఆ ఇంటి ముసలమ్మ ఒకటే మాట పట్టుకుంది. "మా ఆయన్ని ఒకసారి పండబెట్టినాము. మళ్లీ లేపేది లేదు." ఇక చేసేదిలేక మిట్టను వదిలి, దానికి అటూ ఇటూ ప్యానెళ్లు వేశారు. అలా ఒక్క పదకొండో బ్లాకు మాత్రం తూర్పు ముక్క, పడమర ముక్క అని రెండుగా చీలింది.

ఏటా మహాలయ అమావాస్యకు ఆ కుటుంబం లోపలికి వచ్చి పెద్దలకు పెట్టుకుని వెళ్లవచ్చు, అది ఒప్పందం. గేటు దగ్గర గార్డు కంట్రోల్ రూముకు ఫోన్ చేయాలి. మేము తెరమీద ఆ బ్లాకు చూసి, లోపం లేకపోతే పంపించమనాలి. ఒక ఏడు, నేను చేరకముందు, ఎవరో కొత్త అధికారి వాళ్లను గేటు బయట ఎండలో నిలబెట్టి, ఇదేం జాతరా అని మాట్లాడాడట. ఆ కోపం ఆ ఇంటివాళ్లకు అప్పటినుంచీ ఉంది. ఉండదా మరి. వాళ్ల పొలంలోకి వాళ్లు పోవడానికి ఎవడో అనుమతివ్వాలంటే నాకైనా మండుతుంది.

ఆ ఏడు అమావాస్య ముందురోజు సాయంత్రం వాన పట్టుకుంది. రాత్రంతా కురిసింది. తెల్లవారి నేను డ్యూటీకి వెళ్లేసరికి దారిపొడవునా గుంతల్లో నీళ్లు, కప్పల అరుపులు. ఆ అమ్మాయి వేరే పనిమీద ముందురోజే వచ్చి పావగడలో దిగింది. తన పని వానలో ఎలా నడుస్తుందో చూడాలని పొద్దున్నే నాకంటే ముందొచ్చి కూర్చుంది. తలకు నూనె పెట్టుకుని, ఉత్సాహంగా, పరీక్ష ఫలితాలకు ఎదురుచూసే పిల్లలా ఉంది.

గార్డు ఫోన్ చేశాడు. "సార్, సమాధులోళ్లు వచ్చినారు. ట్రాక్టరు గేటుకాడ ఉండాది. పంపించల్లనా?"

మా ఆపరేటరు తెర చూశాడు. "పదకొండు పచ్చగా ఉండాది. పంపించప్పా" అన్నాడు. నేనూ చూశాను, ఆ అమ్మాయీ చూసింది. గడి పచ్చగానే ఉంది.

కాసేపటికి మబ్బు విడి ఎండ పొడ తగిలింది. వెలుతురు లేక పడుకున్న ఇన్వర్టర్లు ఒక్కొక్కటే నిద్రలేచాయి. అప్పుడు మొదలైంది. రెండో బ్లాకు ఎర్రబడింది. తర్వాత అయిదు. ఆరు, తొమ్మిది ఒక్కసారే. ఎక్కడో ఒక తొడుగు పగిలి ఉంటుంది, అందులోకి నీళ్లు దిగి ఉంటాయి, ఆరిపోతే సర్దుకుంటుంది. పెద్దవి కావు, కానీ వస్తున్నాయి. ఆ అమ్మాయి మొహం వెలిగిపోతోంది.

"చూసినారా సార్, ఒక్కటీ తప్పిపోలేదు."

నేను టీ గ్లాసు పట్టుకుని తెరవైపు చూస్తున్నాను. ఎరుపు పెరిగిపోతోంది. పన్నెండు ఎరుపు, పది ఎరుపు. మధ్యలో పదకొండు నవనవలాడుతోంది.

"ఏమ్మా, ఈ పదకొండోదానికి రాత్రి ఎవరన్నా గొడుగు పట్టినారా?" అన్నాను. తమాషాకే అన్నాను, ఒట్టు.

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. కుర్చీ ముందుకు లాక్కుంది. ఏరకముందు వచ్చే సమాచారం మొత్తం, ఏ మూసలోనూ వేయని పచ్చి ప్రవాహం, తెరమీద తెరిచింది. అక్షరాలు జలపాతంలా పోతున్నాయి. ఆమె వేలు ఒకచోట ఆగింది. నేను కళ్లద్దాలు సర్దుకుని చదివాను. బ్లాకు, పదకొండు, తూర్పు, ఇన్వర్టరు, ఒకటి, ఇన్సులేషన్. దాని పక్కన లోపం అని రాసి ఉంది. ముందురోజు సాయంత్రం, ఇన్వర్టరు పడుకోకముందునుంచీ, అదే చెబుతోంది.

"తూర్పు" అంది ఆ పిల్ల. "సార్, దీంట్లో ఒక డబ్బా ఎక్కువుంది. నేను బ్లాకు పక్కన ఇన్వర్టరే ఉంటుందనుకున్నా."

అంతే సంగతి. ఒక నక్షత్రం ఒక్క డబ్బాకే సరిపోతుంది. అన్ని బ్లాకుల్లోనూ బ్లాకు నంబరు తర్వాత నేరుగా ఇన్వర్టరు ఉంది. సమాధుల వల్ల చీలిన ఈ బ్లాకులో మధ్యన తూర్పు, పడమర అని ఇంకో మెట్టు వచ్చి కూర్చుంది. మూస అక్కడ ఇమడలేదు. ఇమడలేదని ఎవరికీ చెప్పలేదు కూడా. చెప్పడం దాని పని కాదు. ఏమీ రాలేదు కాబట్టి లోపం లేదని తెర అనుకుంది, పచ్చ రంగు పూసింది. కరెంటు ఎంత వస్తోందో చూపే లెక్క ఇంకెవరో ఎప్పుడో వేరేగా రాసింది, అది సరిగ్గానే వచ్చేది. అందుకే ఇన్ని నెలలు మాకు అనుమానం రాలేదు.

ఇవన్నీ నేను ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను. అప్పుడు మాకు తోచింది ఒక్కటే. ఆ కుటుంబం అక్కడ ఉంది.

గార్డుకు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. వాళ్లకు బిందెలు మోయడానికి సాయం వెళ్లాడని, ఫోను క్యాబినులో చార్జింగుకు పెట్టాడని తర్వాత తెలిసింది. మా ఆపరేటరు పదకొండో బ్లాకు ఇన్వర్టర్లను అక్కడినుంచే ఆపేశాడు. కానీ దానివల్ల ఇన్వర్టరు ఆగుతుంది, ప్యానెళ్లు ఆగవు. వెలుతురు పడినంతసేపూ ప్యానెల్లో కరెంటు పుడుతూనే ఉంటుంది. సూర్యుడికి స్విచ్చి లేదు. ముగ్గురం జీపెక్కాం. బురదలో జీపు అటూ ఇటూ జారుతోంది. ఆ పిల్ల ఒక చేత్తో సీటు పట్టుకుని గార్డుకు మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తోంది.

మిట్ట కనిపించింది. సమాధులకు సున్నం కొట్టి, పసుపు కుంకుమలు పెట్టి, ఆకులు పరిచి ఉన్నాయి. ముసలమ్మ ఎడ పెడుతోంది, అంటే పెద్దలకు ఆకుల్లో వడ్డిస్తోంది. కొడుకులు, కోడళ్లు చుట్టూ నిలబడి ఉన్నారు. అందరి చెప్పులూ మిట్ట కింద ఒకచోట విడిచి ఉన్నాయి. పెద్దల దగ్గరికి చెప్పులతో పోరు కదా. తడి నేల, ఒట్టి కాళ్లు. వాళ్ల వెనక, తూర్పు ముక్కలో మొదటి వరుస ప్యానెళ్ల కింద నీడలో, ఒక చీర ఉయ్యాల వేలాడుతోంది. రెండు కొసలూ ఇనప స్టాండుకు కట్టి ఉన్నాయి. అందులో పసిబిడ్డ. చిన్నకోడలు ఉయ్యాల దగ్గరే ఉంది.

పొలంలో పనికొచ్చిన ఆడవాళ్లు ఏ కొమ్మకో ఉయ్యాల కట్టుకోవడం తరతరాల అలవాటు. ఇప్పుడు అక్కడ కొమ్మలు లేవు. నీడ ఉన్నది ప్యానెళ్ల కిందే, కట్టడానికి ఉన్నది ఆ ఇనుమే. వాళ్లను తప్పుపట్టడానికి ఏముంది.

ఏ స్టాండులో లోపం ఉందో మాకు తెలియదు. ఆ అలారం ఇన్వర్టరు దాకానే చెబుతుంది, స్టాండు చెప్పదు. ఆ ముక్కలోని ఏ ఇనుమైనా కావచ్చు.

"ఆ ఇనుము పట్టుకోగాకండి! బిడ్డను బయటికి తీయండి! అందరూ ఇవతలికి రాండి!" అని జీపులోంచే అరిచాను. ఆ అరుపులో మర్యాద లేదు, ఉండే సమయమూ కాదు. కానీ వాళ్లకు వినిపించింది వేరు. కంపెనీ జీపు, కంపెనీ మనుషులు, బయటికి రాండి అనే మాట.

పెద్దకొడుకు ఎదురొచ్చాడు. "ఏంది సార్, మళ్లీ మొదలుపెట్టినారా? అప్పుడు గేటుకాడ ఎండలో నిలబెట్టినారు. ఇప్పుడు లోపలికి పంపిచ్చి, ఎడ పెట్టేటప్పుడు తరుముతాండారా?"

"తరిమేదానికి కాదప్పా. కరెంటు కారుతాండాది. బిడ్డను తీయండి ముందు."

"కరెంటా? ఆ ఉయ్యాల కట్టింది నేనే. ఇదే స్టాండు. నాకేమైంది? మాకు కథలు చెప్తాండారా?" అతను గిర్రున తిరిగి స్టాండువైపు నడిచాడు. "చూడు, ఇప్పుడూ పట్టుకుంటా. ఏమైతాదో నువ్వే చూడు."

ఉయ్యాల కట్టినప్పుడు అతని కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. ఇప్పుడు లేవు. అది అతనికి తోచలేదు. నాకు తోచి నోరు తెరిచేసరికి అతను స్టాండుకు నాలుగడుగుల్లో ఉన్నాడు.

ఆ అమ్మాయి పరుగెత్తి అతనికీ, ఆ స్టాండుకూ మధ్యన నిలబడింది. రెండు చేతులూ చాచింది.

"అన్నా, తప్పు నాది" అంది. "అన్ని బ్లాకుల్లో ఎక్కడ కరెంటు కారినా తెలిసేమాదిరి నేనే రాసినా. మీదొక్కటే విడిచిపెట్టేసినా. మీ చేను రెండు ముక్కలని నాకు తెలీదు. ఈడ కారుతాందని నిన్న సాయంత్రంనించీ చెప్తానే ఉండాది, నా ప్రోగ్రాము దాన్ని మాకు చూపిచ్చలేదు. చూసుకోకుండా మిమ్మల్ని లోపలికి పంపిచ్చినాము. మిమ్మల్ని పొమ్మనేదానికి రాలేదన్నా. నీ కాళ్లు పట్టుకుంటా, బిడ్డను తీయండి."

అతను ఆగాడు. కంపెనీ వైపునుంచి తప్పు మాది అనే మాట అతను ఎన్నడూ విని ఉండడు. అప్పుడు మిట్టమీదినుంచి ముసలమ్మ గొంతు వినిపించింది.

"ఒరే, నీకు అడ్డమొచ్చిన ఆ పాప ఏడస్తాండాది చూడు. తరిమేటోళ్లు ఏడస్తారా? ఎనక్కి రా నువ్వు."

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. చిన్నకోడలు బిడ్డకోసం చేయి చాపబోతే ఆగమన్నాం. మా ఆపరేటరు కాళ్లకు బూట్లున్నాయి. రబ్బరు తొడుగులు చేతులకు తొడుక్కుని, ఇనుముకు తగలకుండా వంగి, ఉయ్యాలలోంచి బిడ్డను రెండు చేతులా ఎత్తి తెచ్చి తల్లికిచ్చాడు. నిద్ర చెడిన కోపంతో బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.

అందరినీ రోడ్డుమీదికి పంపించి, మేము మీటరు తీసుకుని వరుసవరుసా చూసుకుంటూ వచ్చాం. ఉయ్యాల కట్టిన వరుసలోనే దొరికింది. ఎలుకలో ఉడుతలో, వైరు తొడుగు కొరికేశాయి. లోపలి రాగి ఇనుముకు ఆనుకుని ఉంది. అలా జరిగినా కరెంటు భూమిలోకి దిగిపోవాలని ప్రతి వరుసకూ ఒక ఎర్తింగు పట్టీ వేస్తారు. ఈ వరుసకు అదీ తెగిపోయి ఉంది. స్టాండుకు మీటరు ఆనించిన మా ఆపరేటరు అంకె చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. దూరంగా నిలబడి చూస్తున్న పెద్దకొడుక్కు అదే చాలు. గట్టుమీద కూలబడి రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు.

మేము ఆ వరుస విడదీసి బాగుచేసే పనిలో ఉండగానే బెంగుళూరు ఆఫీసులో మా అందరికీ పైనుండే పెద్దాయన ఫోన్ చేశాడు. ఇలాంటి వార్తలు ఎలా పోతాయో ఏమో, జీపుకంటే ముందు పోతాయి. స్పీకరు పెట్టాను. బయటి మనుషులను ఎందుకు రానిచ్చారు, వెంటనే పంపించేయండి, వచ్చే ఏటినుంచి ఈ పద్ధతి బంద్ అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి అందుకుంది. "సార్, వాళ్లు ఉండవలసిన చోటే ఉన్నారు. ఆ చోటు లేనట్టు రాసింది నేను. బంద్ చేయాలంటే నా ఉద్యోగం చేయండి."

సాయంత్రం మాట్లాడదాం అని ఆయన పెట్టేశాడు. ఆ సాయంత్రం నేనూ మాట్లాడాను. నాకున్న రెండు రిటైర్మెంట్ల ధైర్యంతో గట్టిగానే మాట్లాడాను. పద్ధతి బంద్ కాలేదు, ఆ పిల్ల ఉద్యోగమూ పోలేదు. కోపగించుకున్నాడులెండి, అది ఆయన ఉద్యోగం.

ఆ వరుస బాగుచేస్తుండగా మధ్యలో ఆమె కంట్రోల్ రూముకు వెళ్లి మూస మార్చి వచ్చింది. ఒక నక్షత్రం ఉన్నచోట రెండు పెట్టింది. రెండు పక్కపక్కన ఉంటే మధ్యలో ఎన్ని డబ్బాలున్నా సరే, అన్నీ దాటుకుని వెళ్లమని అర్థమట. పెట్టీ పెట్టగానే పదకొండో గడి ఎర్రబడింది. ఎరుపు చూసి ఊపిరి పీల్చుకున్నది జీవితంలో అదొక్కసారే అని నాతో అంది. ఇంకోటి కూడా చేసింది. ఏ గడినుంచైనా కబురే రాకపోతే ఇకమీద పచ్చ కాదు, బూడిద రంగు. తెలిసి బాగుందనడానికీ, తెలియక బాగుందనడానికీ తేడా తెరమీద కనపడాలి అంది. రెండు నక్షత్రాలకంటే నాకు ఆ బూడిద రంగే పెద్ద పనిగా తోచింది.

మీరూ రేపు ఇలాంటి మూసలు రాస్తారు. వద్దనుకున్నవి సరిగ్గా పోయాయా అని అందరూ చూస్తారు. కావలసినవి పోలేదు కదా అని చూసేవాళ్లు తక్కువ. పోయినవి వచ్చి మీ తలుపు తట్టవు. రాసి ముగించే ముందు ఒకసారి లేచి, మీ మూసలో ఇమడని బ్లాకు ఎక్కడుందో వెతకండి. ఉంటుంది. మీకు ఓపిక లేకపోతే కనీసం నాలాంటి సణుగుడు మనిషిని ఒకణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

మధ్యాహ్నం దాటాక వరుస బాగయింది. ఎర్తింగు కొత్తగా వేశాం. నేనే ఒట్టి చేత్తో స్టాండు పట్టుకుని నిలబడి, ఇక రాండి అని పిలిచాను. పొద్దున్నుంచీ రోడ్డుమీదే కూర్చున్నారు పాపం. ముసలమ్మ ఎడ పూర్తికాలేదని పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఇంటిల్లిపాదీ మళ్లీ చెప్పులు విడిచి మిట్టెక్కారు. ఆగినచోటినుంచి మళ్లీ మొదలుపెట్టి, పెద్దలకు నీళ్లు వదిలి, కాకులకు పెట్టి, ఆకులు వేశారు. మమ్మల్నీ కూర్చోమన్నారు. పెద్దకొడుకే వచ్చి మా ఆపరేటరు భుజం పట్టుకుని లాక్కెళ్లాడు.

ఆ అమ్మాయి రాలేదు. జీపు పక్కన నిలబడి ఉంది. ముసలమ్మ లేచి తానే వెళ్లింది. నేను వెనకే వెళ్లాను.

"ఏం పాపా, ఆకులేసినాము. రా."

"నేను తినలేనవ్వా. నావల్ల ఈరోజు మీ ఇంట్లో ఏమయ్యేదో" అంది, మొహం ఎత్తకుండా. "మీ చోటు నాకు కనపడనే లేదవ్వా."

ముసలమ్మ ఆమె చేయి తన చేతిలోకి తీసుకుంది.

"సర్వేవోళ్లు వచ్చినారు. మీ కంపెనీవోళ్లు వచ్చినారు. దొడ్డ దొడ్డ ఆఫీసర్లు కార్లలో వచ్చిపోయినారు. ఈ మిట్ట ఎవరికీ కనపడలేదు పాపా. వాళ్లకు కనపడింది తీసిపారేయాల్సిన అడ్డమే. కనపడలేదని ఏడ్చినదానివి నువ్వొక్కదానివే" అంది. "రా, మా ఆయన పక్కన కూర్చొని తిందువు."

సమాధి పక్కనే ఆకు వేసి కూర్చోబెట్టింది. అన్నం, పప్పు, వడలు, రెండు ఓళిగలు, వాటిమీద నెయ్యి తన చేత్తోనే వడ్డించింది. ఆ పిల్ల ఏడుస్తూనే తిన్నది. ఆమె తినడం మొదలుపెట్టాకే ముసలమ్మ తన ఆకులో చేయి పెట్టింది.